రుచికి పెద్దపీట, చేతులకు వెలి

జపాన్ వారి పంది ఎముకల రామెన్‌ను ఇంట్లో వండాలంటే మొదట కావలసింది ఓపిక. దాని పేరు తొన్‌కొత్సు. తొన్ అంటే పంది, కొత్సు అంటే ఎముక. కాళ్లు, తొడ ఎముకలు, వెన్ను ముక్కలు తెచ్చి చన్నీళ్లలో నానబెట్టి రక్తం వదలనివ్వాలి. ఒకసారి ఉడికించి, ఆ నీటిని పారబోసి, ప్రతి ఎముకనూ రుద్ది కడగాలి. ఆపైన నీళ్లు తగ్గినప్పుడల్లా పోస్తూ పది పన్నెండు గంటలు పెద్ద మంట మీద మరిగించాలి. సన్నని మంట మీద కాగితే రసం తేటగా మిగులుతుంది. ఎగసిపడుతూ మరిగినప్పుడే ఎముకల జిగురు, మూలుగలోని కొవ్వు నీటితో ఏకమై పాలవలె తెల్లబడుతుంది.

ఇటీవల ఒక ఆదివారం ఆ పనికి పూనుకున్నాను. దుకాణదారు ఎముకలను కాగితంలో చుట్టి, నల్ల కవరులో వేసి, దానిపై మరొక నల్ల కవరు తొడిగి ఇచ్చాడు. నేను అడగలేదు. "ఇంటి ఓనర్లు చూస్తే బాగుండదు కదా సార్" అన్నాడు. అదే నగరంలో అదే మాంసం గాజు తలుపుల హోటల్‌లో రామెన్ అన్న పేరుతో గిన్నె వందల రూపాయలకు అమ్ముడవుతోంది. అక్కడ దానిని దాచేవారు లేరు, ఫొటోలు తీసి నలుగురికీ చూపించుకునేవారే ఉన్నారు. పంది జపాన్ మీదుగా తిరిగివస్తే దాని మైల పోతున్నదన్నమాట. మరి దానిని కోసిన చేతుల మైల సంగతి ఏమిటి?

రుచులు మారితే కులం దానంతటదే కరిగిపోతుందని నమ్మే మిత్రులు విద్యార్థి లోకంలో చాలామంది ఉన్నారు. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తెలుసుకోవడానికి రామెన్ పుట్టిన దేశ చరిత్రనే చూడవచ్చు.

జపాన్‌లో క్రీ.శ. 675లో తెమ్ము చక్రవర్తి ఎద్దు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను ఏటా కొన్ని నెలలపాటు నిషేధించాడు. బౌద్ధంలోని అహింస, షింతోలోని శౌచభావం కలిసి, కాలక్రమంలో చచ్చిన పశువును తాకడమే మహా మాలిన్యమయ్యింది. చర్మం ఒలిచేవారిని, తోలు పదును చేసేవారిని ఊరికి దూరంగా నెట్టారు. వారికి పెట్టిన ఎతా అనే పేరును రాసే అక్షరాలకు అర్థమే "మిక్కిలి మలినం". తోకుగావా పాలనలో అది పుట్టుకతో అంటే ముద్రగా స్థిరపడింది. వారి సంతతినే నేడు బురాకుమిన్ అంటున్నారు. బురాకు అంటే పల్లె, వాడ. మన వెలివాడకు అనువాదం వెతుక్కోనక్కరలేదు.

1871లో మెయిజీ ప్రభుత్వం ఆ పేరును రద్దుచేసి, వారు సాధారణ పౌరులని ప్రకటించింది. మరుసటి ఏడాది, 1872లో, చక్రవర్తి స్వయంగా గొడ్డుమాంసం తిన్నాడన్న వార్త దేశమంతా పాకింది. మాంసం నాగరికతకు గుర్తు అయింది. కానీ మాంసం అంటు వదిలినంత తేలికగా మనుషుల అంటు వదలలేదు. 1873లో మిమాసాకా ప్రాంతంలో రైతులు కొత్తగా సమానులైనవారి వాడలపై పడి ఇళ్లు తగలబెట్టి ప్రాణాలు తీశారు. తోలు పనిపై ఉన్న గుత్తహక్కు పోయింది. దాని స్థానంలో భూమి గాని పరిహారం గాని రాలేదు.

రామెన్ కథ మరొక దారిలో నడిచింది. చైనా వలస జీవులు తెచ్చిన గోధుమ సేమ్యాల పులుసు అది. క్యూషూ ద్వీపంలోని కురుమె పట్టణంలో 1937లో ఒక వీధి బండి దగ్గర పంది ఎముకల రామెన్ మొదలైందని చెబుతారు. యుద్ధానంతరపు ఆకలి రోజుల్లో అమెరికా గోధుమపిండి దానికి ఊపిరి పోసింది. పారవేసే ఎముకల నుంచి పుట్టిన పేదల తిండి నేడు జపాన్ జాతీయ గర్వంగా ప్రపంచమంతా తిరుగుతోంది.

ఆ గర్వంలో మాంసం కోసేవారికి వాటా దక్కలేదు. 1975లో బురాకు వాడల పేర్లు, చిరునామాలతో రహస్యంగా అచ్చువేసిన జాబితాలు బయటపడ్డాయి. ఉద్యోగార్థుల పుట్టుక ఆరా తీయడానికి కంపెనీలు వాటిని కొనుక్కున్నాయి. పెళ్లి సంబంధం ముందు వంశం కూపీ లాగడానికి డిటెక్టివులను పెట్టుకున్న కుటుంబాలు ఎన్నో. టోక్యోలోని షిబౌరా మాంసం మార్కెట్‌లో పనిచేసేవారందరూ బురాకుమిన్ కారు. అయినా ఆ పనినీ ఆ పుట్టుకనూ ఒకటిగా చూసే ద్వేషం ఉత్తరాల రూపంలో అక్కడికి వచ్చింది. బురాకు వివక్ష ఇంకా ఉన్నదని ఒప్పుకుంటూ ఆ దేశం 2016లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది.

వారికి కొంతైనా గౌరవం దక్కింది వంటగది నుంచి కాదు, వీధి నుంచి. 1922 మార్చి 3న క్యోటోలో సుయిహేయిషా పుట్టింది. నిశ్చలమైన నీటిమట్టంలా అందరూ సమంగా ఉండాలన్నది ఆ పేరులోని భావం. ముళ్ల కిరీటం వారి జెండా గుర్తు. ఆ ఉద్యమ నాయకుడు మత్సుమొతో జిఇచిరో, తొన్‌కొత్సు పుట్టిన ఫుకుఒకా ప్రాంతం వాడే. ఎగువ సభ ఉపాధ్యక్షుడిగా ఉండి, 1948లో చక్రవర్తి ముందు పీతలా పక్కకు నడిచే మర్యాదను పాటించనన్నాడు. కులం కరిగేది ఇలాంటి నిరాకరణ ముందే.

సహపంక్తి భోజనాలతో కులం చావదని అంబేడ్కర్ 1936లోనే కులనిర్మూలనలో తేల్చి చెప్పారు. కులాంతర వివాహం, కులాన్ని పవిత్రం చేసిన శాస్త్రాల తిరస్కారం, ఇవే అసలు మందులన్నారు. కలిసి తిన్నంత మాత్రాన చాలదన్నప్పుడు, ఎవరి తిండినో వారు లేకుండా తినడం ఏపాటి?

తరతరాలుగా పందులను పెంచిన ఎరుకలవారి జీవనాధారాన్ని మన పట్టణాలు పారిశుధ్యం పేరిట ఊడ్చివేస్తున్నాయి. పంది మాంసం తినే దళితవాడల పిల్లలకు అద్దె ఇల్లు దొరకదు. అదే మాంసం మీద లాభం గాజు తలుపుల వెనక పోగవుతోంది. తిండి హక్కు పోరాటం అవసరమే. దానికి జతగా పెంపకందారులకు స్థలం, పశువైద్యం, రుణం అడగాలి. కబేళా కార్మికులకు తగిన వేతనం, రక్షణ అడగాలి. తిండిని బట్టి ఇల్లు నిరాకరించడం వివక్షేనని చట్టం చేత అనిపించాలి.

ఆ ఆదివారం రాత్రికి రసం తెల్లబడింది. రుచి కుదిరింది కూడా. వంట మంచిదే, అందరూ వండుకోవాలి. అయితే గిన్నె ఎత్తేముందు ఒక ప్రశ్న వేసుకుందాం: ఈ ఎముకలు కోసి ఇచ్చిన మనిషి మన ఇంటికి వియ్యానికి వస్తే పీట వేస్తామా? సమాధానం చెప్పడానికి తడబడితే, మన చేతిలోని ఆ నల్ల కవరును మనం ఇంకా విప్పలేదన్నట్టే.