పాటగానిని ఎరిగిన వాద్యబృందము

పల్లెసీమలలో పుట్టి పెరిగిన పాటను పట్టణమందలి స్టూడియోకు తెచ్చి, అచ్చట వేతనమునకు కుదిరిన వాద్యగాండ్రను పాటగాని చుట్టును కూర్చుండబెట్టి, క్రొత్త ఆల్బముగా వెలువరింపబూనినప్పుడెల్ల రెండు పక్షములవారు బయలుదేరుదురు: ఆధునిక వాద్యముల గాలి సోకినంతనే పాట చెడినదని విలపించువారు కొందరు, కాలానుగుణముగా అలంకరింపకున్న నేటి యువకులు చెవియొగ్గరని తొందరపెట్టువారు కొందరు. ఉభయులును వాద్యములను గూర్చియే వాదింతురు గాని, ఆ వాద్యములు పట్టినవారికి పాటగానితో గల పరిచయమెంత యని అడుగరు. నా దృష్టిలో ముందుగా అడుగవలసిన ప్రశ్న అది. అమెరికా దేశపు బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ జీవితమునందు దీనికి చక్కని నిదర్శనము కలదు. ఏలయన ఒకే కంఠమును, పలుమారులు అవే పాటలను, వేర్వేరు కాలములందు వేర్వేరు వాద్యబృందములతో రికార్డు చేసిరి.

ఆయన అసలు పేరు మెకిన్లీ మార్గన్‌ఫీల్డ్. మిసిసిపీ రాష్ట్రమున క్లార్క్స్‌డేల్ చేరువనున్న స్టోవాల్ తోటలో ట్రాక్టరు నడుపుకొను కాలమున, 1941లో, ఆలన్ లోమాక్స్, జాన్ వర్క్ అను పరిశోధకులు రికార్డింగు యంత్రముతో వచ్చి, ఆయన గుడిసెలోనే పాడించి, ఆ పాటను ఆయనకే వినిపించిరి. తన గొంతు తనకు పరాయిదివలె వినబడిన ఆ క్షణముననే, తానును లోకమునకు పాడదగినవాడనను నమ్మకము కలిగెనని ఆయన చెప్పుకొనెడివాడు. 1943లో షికాగో చేరెను. అచ్చటి మద్యశాలల రణగొణధ్వనిలో మామూలు గిటారు వినబడకపోగా విద్యుత్తు గిటారు చేపట్టెను. కావున ఆధునిక వాద్యము ఆయనపై ఎవరో రుద్దినది కాదు; బ్రతుకు తెచ్చిన మార్పు. 1948లో బిగ్ క్రాఫర్డ్ వాయించిన బాస్ ఒక్కటే తోడుగా వెలువడిన రికార్డుతో నగరమున ఆయన పేరు మ్రోగెను.

ఇక్కడ కొంచెము నిలిచి చెప్పవలసిన సంగతి యొకటి కలదు. బ్లూస్ పాటకు పండ్రెండు కొలతల చట్రము కలదని సంగీత పాఠములు బోధించును. కాని మిసిసిపీ డెల్టా పల్లెలలో ఒంటిగా గిటారు పట్టి పాడిన గాయకుడు ఆ లెక్కకు కట్టుబడినవాడు కాడు. భావము పండినచోట ఒక కొలత పొడిగించును. ఊపిరి చాలినచోట అరకొలత మ్రింగివేసి తరువాతి చరణమునకు దుముకును. మడ్డీ వాటర్స్‌కు లయకు ఒక వెంట్రుకవాసి వెనుకగా పాట నెత్తుకొను అలవాటు కలదు. ఆ ఆలస్యమునందే ఆయన పాట బరువంతయు నున్నది. ఇట్టివానికి తోడు వాయించువాడు చేతివ్రేళ్లలో ఎంత నేర్పరియైనను చాలదు. గాయకుని భుజము కదలిక చూచి, ఊపిరి విని, అతడు మలుపు తిరుగువరకు కాచుకొనియుండుట నేర్చినవాడు కావలెను. మన బుర్రకథలో వంతలు పట్టువారు కథకుని ముఖమునుండి చూపు మరల్పకుండుట ఎరిగినవారికి ఇది వేరుగా వివరింపనక్కరలేదు.

1964లో చెస్ రికార్డు కంపెనీవారు, జానపదగీతములపై విద్యార్థులకు మోజు హెచ్చిన తరుణమని, విద్యుత్తు గిటారును ప్రక్కనుంచి, బడీ గయ్, విల్లీ డిక్సన్, క్లిఫ్టన్ జేమ్స్ తోడుగా ‘ఫోక్ సింగర్’ అను ఆల్బమును వెలువరించిరి. వ్యాపారబుద్ధితో తలపెట్టినదైనను అది ఉత్తమ కృతియయ్యెను; బడీ గయ్ గిటారు ఆ కంఠమునకు చోటిచ్చి తప్పుకొను తీరు వినినచో కారణము బోధపడును.

నాలుగేండ్లకు ఆ కంపెనీ యజమాని లెనర్డ్ చెస్ కుమారుడు మార్షల్ చెస్, రాక్ సంగీతపు శ్రోతలకై, చార్ల్స్ స్టెప్నీ కూర్పుతో, పీట్ కోసీ, ఫిల్ అప్‌చర్చ్ మున్నగు స్టూడియో వాద్యగాండ్రతో ‘ఎలక్ట్రిక్ మడ్’ రూపొందించెను. వీరు అల్పులు కారు. కోసీ అనంతరకాలమున జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందమున వాయించినవాడు. తరువాతి తరములో చక్ డీ వంటి ర్యాప్ గాయకులు ఆ ఆల్బమును మెచ్చుకొనిరి కూడ. నేనును అందలి వాద్యనైపుణ్యమును కాదనను. కాని ఆ ధ్వనిజాలము ముందే అల్లబడియున్నది. గాయకుడు అందులో ఇమిడి పాడవలసివచ్చెను. దానిని తన బృందముతో వేదికపై పాడుట సాధ్యము కాకపోగా, తాను పాడలేని రికార్డు తనకెందులకని ఆయన బాధపడెను. ఆ బాధ నాకు మిక్కిలి న్యాయముగా తోచును.

1976 అక్టోబరున జానీ వింటర్ చేసినది ఇందుకు పూర్తిగా విరుద్ధము. అతడు టెక్సాస్ రాష్ట్రపు శ్వేతజాతి రాక్ గిటారిస్టు. బాల్యమునుండి మడ్డీ రికార్డులు విని పెరిగినవాడు. కనెక్టికట్ రాష్ట్రమున వెస్ట్‌పోర్ట్‌లో సంగీతకారుడు డాన్ హార్ట్‌మన్ ఇంటనున్న స్టూడియోలో అందరిని ఒకే గదిలో చేర్చెను. హార్మోనికా వాయించిన జేమ్స్ కాటన్ 1950లలోనే మడ్డీ బృందమున పనిచేసినవాడు. పైన్‌టాప్ పర్కిన్స్, బాబ్ మార్గోలిన్, విల్లీ స్మిత్ అప్పటికి మడ్డీతో ఊరూర తిరుగుచున్నవారు. ఒక్కొక్క వాద్యమును విడివిడిగా పట్టి పిమ్మట అతికించు పద్ధతిని విడిచి, గదిలోని కేకలతో ప్రోత్సాహములతో సహా పాటను పాటగనే పట్టిరి. మూడు దినములలో పని ముగిసెను. 1977లో వెలువడిన ఆ ‘హార్డ్ అగైన్’ ఆల్బమునకు గ్రామీ పురస్కారము లభించెను. అందు 1948 నాటి రికార్డులోని పాట మరల వినబడును. అరువదేండ్లు దాటిన కంఠము వెనుకటికంటె గంభీరముగా, నిశ్చింతగా పలుకును. తన్నెరిగినవారి నడుమ నున్నానను ధైర్యము ప్రతి చరణమునను వినవచ్చును.

ఈ పాఠము మనకును వర్తించును. మనయొద్ద పండ్రెండు మెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగులయ్య కంఠము 2021లో ‘భీమ్లా నాయక్’ చలనచిత్ర గీతారంభమున కోట్లమందికి చేరెను. మరుసటి యేడు పద్మశ్రీ వచ్చెను. సంతోషింపవలసినదే. కాని ఆయన పాడు పండుగ సాయన్న కథను నిడివి తగ్గింపక పాడించిన ఆల్బము, తగిన తోడు వాద్యములతో, మంచి స్టూడియోలో తయారు కావలెనని నా కోరిక. పాటనుండి మాటకును, మాటనుండి పాటకును ఆయన దాటు నడకను స్టూడియోలో తాళము కొట్టు క్లిక్ చప్పుడునకు బిగింపరాదు. వాద్యగాండ్రు ముందుగా పదిదినములైన ఆయన యూరికి పోయి, వాయింపక వినుచు కూర్చుండవలెను. ఆ దినముల కూలియు భోజనవసతులును ఆల్బము వ్యయములో మొదటి పద్దుగా వ్రాయవలెను. పిమ్మట గిటారు వచ్చినను, కీబోర్డు వచ్చినను నాకు అభ్యంతరము లేదు.