ఒక్క శుక్రవారం కోసం జిరాయితీ తాకట్టు

తెలుగు సినిమా వ్యాపారం జిల్లాల లెక్కన నడవదు, ఏరియాల లెక్కన నడుస్తుంది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు విశాఖతో కలిసి ఉత్తరాంధ్ర ఖాతాలో పడతాయి. పెద్ద హీరో సినిమా విడుదలైన మర్నాటి నుంచి ఈ ఏరియా షేర్ ఎంతో పత్రికల్లో చదువుతుంటాం. టిక్కెట్టు కొనే ప్రాంతంగా ఆ పటంలో మనకు చోటుంది. సినిమా తీసే ప్రాంతంగా లేదు.

ఆ చోటు లేని వ్యాపారంలోకి మన పిల్లలు ఇంటి ఆస్తితో దిగుతున్నారు. మా ఆందోళన దాని గురించే.

ఒకప్పుడు సినిమా తీయాలంటే హైదరాబాదు వెళ్ళి, ఎవరో ఒక దర్శకుడి దగ్గర ఏళ్ళ తరబడి సహాయకుడిగా చేయాలి. ఇప్పుడు కెమెరా అద్దెకు దొరుకుతోంది. ఎడిటింగ్ లాప్‌టాప్ మీద అయిపోతోంది. మన యాసలో తీసిన షార్ట్ ఫిల్ములను యూట్యూబ్‌లో జనం ఆదరిస్తున్నారు. ఆ ఆదరణ చూసి పెద్ద సినిమాకు ధైర్యం చేస్తున్నారు. ధైర్యం మంచిదే. మదుపు ఎక్కడి నుంచి వస్తోందన్నదే భయం. బ్యాంకు అప్పివ్వదు, పేరున్న నిర్మాత కొత్తవాణ్ణి నమ్మడు. మిగిలినవి నాన్న జిరాయితీ భూమి, ఉద్దానంలో అయితే జీడితోట, అమ్మ మెడలోని బంగారం, గల్ఫ్ నుంచి అన్న పంపిన డబ్బు. అవీ చాలకపోతే నూటికి మూడు రూపాయల వడ్డీ.

ఆ వడ్డీ లెక్క ఒకసారి వేసి చూడాలి. 10 లక్షల అప్పుకు నెలకు 30 వేలు. చిత్రీకరణ, డబ్బింగు, సెన్సారు, విడుదల కోసం నిరీక్షణ కలిపి రెండేళ్ళు పడితే వడ్డీయే 7 లక్షల 20 వేలు. ఈ రెండేళ్ళూ సినిమా నుంచి ఒక్క రూపాయి వెనక్కి రాదు.

తీయడానికి వేసుకున్నంత శ్రద్ధగా విడుదలకు లెక్క వేసుకోకపోవడమే అసలు ప్రమాదం. టైటిల్ నమోదు హైదరాబాదులో, సెన్సారు కార్యాలయం హైదరాబాదులో, థియేటర్లు ఇప్పించేవారూ అక్కడే. ఆమదాలవలసలో రైలెక్కి 700 కిలోమీటర్లకు పైగా వెళ్ళి, తెలిసినవాడి గదిలో సర్దుకుని, 'రేపు రండి' అనిపించుకుని తిరిగొచ్చిన ప్రతిసారీ ఖర్చే. చివరికి థియేటరు దొరికితే చిన్న సినిమాకు అద్దె కట్టాల్సింది సాధారణంగా నిర్మాతే. డిజిటల్ ప్రొజెక్షన్ చార్జీలు వేరే. ఆ చార్జీలు భరించలేమని 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు ఒక్కటై కొత్త సినిమాలు ఆపేశారు, తెలుగు రాష్ట్రాల్లో థియేటర్లు కొన్నాళ్ళు మూతపడ్డాయి. అంతమంది కలిసి బేరమాడినా అంత కష్టమైనప్పుడు ఒంటరిగా వెళ్ళిన పలాస కుర్రాడి మాట ఎవరు వింటారు? అతనికి దొరికేది ఎవరూ కోరని శుక్రవారం, ఉదయం ఒక్క ఆట. శని, ఆదివారాల్లో జనం రాకపోతే సోమవారానికి పోస్టరు మారిపోతుంది. పొరుగూరి బంధువులకు కబురు అందేసరికే సినిమా హాల్లో ఉండదు.

గెలిచినవారు లేరా అని అడుగుతారు. ఉన్నారు, వారి కథ పూర్తిగా తెలుసుకోవాలి. 2018 సెప్టెంబరులో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో నటించినవారిలో ఎక్కువమంది ఆ విశాఖ పేటవాళ్ళే. దర్శకుడు వెంకటేశ్ మహాకు అది తొలి సినిమా. దానికి డబ్బు పెట్టిన పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె వైద్యురాలు. దాన్ని జనం ముందుకు తెచ్చింది రానా దగ్గుబాటి, సురేష్ ప్రొడక్షన్స్. 'పలాస 1978' శ్రీకాకుళం జిల్లా దర్శకుడు కరుణ కుమార్ మన మనుషుల్ని మన మాటతో చూపించిన సినిమా. 2020 మార్చి 6న విడుదలైంది. మూడు వారాలు గడవకముందే కొవిడ్ దేశంలోని థియేటర్లన్నిటినీ మూసేసింది. ప్రతిభలో లోటు లేదు, అయినా ఆ సినిమా బతుకు కొద్ది రోజుల మీద ఆధారపడింది. కరుణ కుమార్‌కు తర్వాత సినిమాలు వచ్చాయి. ఇంటి భూమి పెట్టి తీసినవాడికి రెండో సినిమా ఉండదు.

ఓటీటీ ఆదుకుంటుందన్న ఆశా బలంగా ఉంది. పేరున్న నటుడు లేని సినిమాను ముందే కొనేవారు అరుదు. చాలావరకు జనం చూసిన గంటల లెక్కన ఎంతో కొంత వస్తుంది. ఈ ఆశ చుట్టూ దళారులు తయారయ్యారు. అమ్మిపెడతామని అడ్వాన్సు తీసుకునేవారు, ఇంగ్లీషు ఒప్పందంలో అన్ని హక్కులూ శాశ్వతంగా రాయించుకునేవారు, వేషం ఇస్తామని ఆడిషన్ పేరుతో ఆడపిల్లల ఇళ్ళనుంచి డబ్బు గుంజేవారు. సంతకానికి ముందు ఆ కాగితం ఒక వకీలుకు చూపించడానికి అయ్యే ఖర్చు ఒక రోజు కెమెరా అద్దెకన్నా తక్కువ.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలంటే, పోయేది భూమి ఒక్కటే కాదు. దశాబ్దాల పాటు తెరమీద మన యాస నౌకరు వేషానికీ నవ్వులకీ మాత్రమే పనికొచ్చింది. పాకిస్తాన్‌కు చిక్కిన శ్రీకాకుళం తీరపు మత్స్యకారుల కథను 2025లో 'తండేల్' పెద్ద ఖర్చుతో చెప్పింది, సంతోషమే. కానీ అన్ని కథలూ అంత డబ్బు మోయలేవు. కథకుడు చాసో విజయనగరంలో కూర్చుని రాసినవీ, మరో కథకుడు కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పి కూడబెట్టినవీ చిన్న బతుకుల కథలే. వాటిని తెరకెక్కించగలిగిన పిల్లలు తొలి సినిమాతోనే అప్పులపాలై వలస కూలీలుగా వెళ్ళిపోతే ఆ కథలను మనవాళ్ళెవరూ తీయరు.

ఇందులో ప్రభుత్వం చేయగలిగిందీ ఉంది. 2022 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 13వ నంబరు జీవోలో ఒక మంచి మాట ఉంది. రోజుకు అయిదు ఆటలు వేసుకునే థియేటరు ఉదయం 11కూ రాత్రి 9కీ మధ్య ఒక ఆట 20 కోట్ల లోపు ఖర్చుతో తీసిన సినిమాకు ఇవ్వాలన్నదే ఆ మాట. అటువంటి నిబంధనకు జిల్లా స్థాయిలో బాధ్యుడైన అధికారి ఉండాలి, ఫిర్యాదుకు గడువులోగా జవాబు రావాలి. కేరళ ప్రభుత్వం సొంత థియేటర్లు నడుపుతోంది, 2024 మార్చిలో 'సీ స్పేస్' పేరుతో సొంత ఓటీటీ కూడా తెచ్చింది. మనకు అంతదాకా వెళ్ళే స్తోమత లేకపోవచ్చు. శ్రీకాకుళం బాపూజీ కళామందిరంలో, విజయనగరం ఆనందగజపతి ఆడిటోరియంలో నెలకు రెండు రోజులు స్థానికుల సినిమాలకు తక్కువ అద్దెకు ఇవ్వడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. కలెక్టర్లు తలచుకుంటే వచ్చే నెలలోనే మొదలుపెట్టొచ్చు.

అది జరిగేలోగా, కొడుకు కోసమో కూతురు కోసమో బీరువాలోంచి పట్టా పుస్తకం తీయబోతున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. కథ బాగుందా అని తర్వాత అడగండి. మొత్తం మదుపులో విడుదలకు ఎంత పక్కన పెట్టావో ముందు కాగితం మీద రాసి చూపించమనండి. ఆ గడి ఖాళీగా ఉంటే పుస్తకాన్ని తిరిగి బీరువాలో పెట్టేయండి.