బూట్లా, మిక్సీ జారా?

పోయిన శనివారం ఇంటిల్లిపాదీ కావలి వెళ్లాం. కొండాపురంలో ఉండే మాకు కాస్త పెద్ద పని ఏదున్నా కావలికి పరుగెత్తాల్సిందే. అందుకే పనులన్నీ కూడబెట్టుకుని నెలకొకసారి బయల్దేరతాం. ఈసారి చీటీలో మూడు రాసుకున్నాను: అత్తయ్య కళ్లజోడు, బ్యాంకులో నగల లోను తిరగరాయించడం, మిక్సీ జారు బ్లేడు. కింద నాలుగోది మా అమ్మాయి రాసింది, ‘నా ఫుట్‌బాల్ మ్యాచి, సాయంత్రం నాలుగింటికి’ అని.

తెల్లవారుజామునే పెరుగన్నం కలిపాను. ఎండపూట ప్రయాణానికి కట్టుకెళ్లేటప్పుడు పాలు ఎక్కువ పోసి ఒక్క చెంచా పెరుగు వేయండి. మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది, పులవదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగులో ఆడవాళ్లకు ఉచితం కదా! మా ముగ్గురం ఆధార్ కార్డులు చూపించాం. మా వారొక్కరికే టికెట్టు. “ఇంటి పెద్దనని గుర్తించేది కండక్టరొక్కడే” అన్నారు.

బ్యాంకులో పూట గడిచిపోయింది. పొగాకు డబ్బు పాత అప్పులకే సరిపోయింది కాబట్టి నా గాజులు ఇంకో ఏడాది అక్కడే ఉంటాయి. వడ్డీ కట్టగా మిగిలింది మిక్సీకని నేను దాచిన తొమ్మిది వందలు.

చెప్పుల షాపు ముందు మా అమ్మాయి ఆగిపోయింది. దాని కాన్వాసు బూట్ల అట్ట ఊడి రెండు వారాలైంది. అడుగున బొడిపెలుండే బూట్లు ఎనిమిది వందల యాభై అన్నాడు. “1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతోనే ఆడారమ్మా” అన్నారు మా వారు. “1952లో కూడా అట్లాగే ఆడి యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడారు నాన్నా” అంది అది. ఆయన ఇంక మాట్లాడలేదు.

అత్తయ్య మాత్రం ఊరుకోలేదు. “పెద్దమనిషైన పిల్ల, నిక్కరేసుకుని బంతెమ్మట పరిగెత్తేదేందమ్మాయ్?” అన్నారు.

నిజం చెప్తున్నాను, నాకూ లోపల అదే బెరుకు. కానీ నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు టెన్నికాయిట్ ఆడేదాన్ని. పెద్దమనిషినయ్యాక మా నాన్న మాన్పించారు. ఆ రింగు చాలా ఏళ్లు మా అమ్మ పెట్టెలోనే ఉండింది. అది గుర్తొచ్చి తొమ్మిది వందలూ తీసిచ్చేశాను.

గ్రౌండులో ఆడపిల్లలు పదకొండు మందీ, పదకొండు మందీ. మనవాళ్లకు ఫుట్‌బాల్ కొత్తేం కాదట. హైదరాబాదులో బడిపంతులుగా మొదలైన రహీం గారు తయారుచేసిన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. సికింద్రాబాద్ పిల్లవాడు తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఉన్నాడు. ఇవన్నీ నాకు చెప్పింది మా అమ్మాయే. నిజామాబాద్ నుంచి వెళ్లి 2022లో క్రొయేషియా క్లబ్బులో చేరిన గుగులోత్ సౌమ్య ఫొటో దాని బీరువా తలుపుకు అంటించి ఉంది. ఆటలో ఆఫ్‌సైడంటే ఏమిటో మూడుసార్లు చెప్పింది, ఇప్పటికీ నా బుర్రకెక్కలేదు.

మావాళ్లు ఒక్క గోలుతో ఓడారు. అయితే మా అమ్మాయి గోలు ముందు నిలబడి రెండుసార్లు బంతిని తన్ని బయటికి పంపింది. రెండోసారి ఎదుటి పిల్ల గుద్దుకుని కిందపడింది. నా గుండె ఝల్లుమంది. నాకంటే ముందు అత్తయ్యే లేచారు, కొత్త కళ్లజోడు సర్దుకుంటూ. “ఆ పచ్చచొక్కా పిల్ల కావాలనే తోసింది, నేను చూశా!” అని అరిచారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అది లేచి మోకాలు దులుపుకుని మళ్లీ పరిగెత్తింది.

తిరుగు బస్సులో బూట్లు విప్పితే మడమలు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి. ఇంటికెళ్లాక అత్తయ్యే కొబ్బరినూనె రాశారు. “రెండు రోజులు వేసుకోబాక. మళ్లీ ఎప్పుడే మ్యాచి?” అన్నారు.

మిక్సీ జారు అటకెక్కింది. ఈ నెలంతా మా ఇంట్లో రోటి పచ్చళ్లే.