పట్టా ఎవరిది, పెత్తనం ఎవరిది

2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టింది. సంతోషమే. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు ఎదురు నిలిచిన మనిషి పేరు ఆడపిల్లల చదువుకు పెడితే ఎవరు కాదంటారు? కాకపోతే ఒక సంగతి ఉంది. ఐలమ్మ పట్టాదారు కాదు, కౌలుదారు. ఇవాళ ఆమె బతికి ఉండి అదే భూమి చేసుకుంటూ ఉంటే, 2018లో ఎకరాకు పంటకు నాలుగు వేల చొప్పున మొదలైన రైతుబంధు డబ్బు ఆమెకు రాదు. భూమి గలాయన ఖాతాలో పడుతుంది. ఆయన హైదరాబాదులో ఉన్నా సరే, అమెరికాలో ఉన్నా సరే. తర్వాత ప్రభుత్వం మారింది, పథకం పేరూ మారింది. డబ్బు మాత్రం ఇంకా పాసుపుస్తకం వెంటే పోతోంది.

మార్పు మెల్లగా రావాలనీ, చట్టం చేసుకుంటూ పోతే అన్యాయం దానంతటదే తగ్గుతుందనీ చెప్పేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. మంచివాళ్లే. వాళ్లతో వాదించడానికి పుస్తకాల దాకా పోనక్కర లేదు. తెలంగాణలో పోరాటం దారీ, చట్టం దారీ రెండూ ఒకే నేల మీద, ఒకే తరం కళ్ల ముందు నడిచాయి. ఏ దారి ఎంత దూరం తీసుకుపోయిందో లెక్క చూసుకోవచ్చు.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ తర్వాత ఐదేళ్ల సాయుధ పోరాటంలో ఏం జరిగిందో కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య రాసిన చరిత్రలో ఉంది. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది ప్రాణాలు. ఈ అంకెలు మనకు కంఠతా వచ్చు కాబట్టి వాటి కంటే చిన్నదైన ఒక సంగతి చెబుతాను. వెట్టిని నిషేధిస్తూ నిజాం సర్కారు అంతకు ముందే ఫర్మానాలు ఇచ్చింది. కాగితం మీద వెట్టి ఎప్పుడో పోయింది. ఊళ్లో మాత్రం మాదిగ చెప్పులు కుట్టి ఊరికే ఇస్తూనే ఉన్నాడు, చాకలి గడీ బట్టలు ఉతుకుతూనే ఉంది, అధికారి వస్తే ఆయన సామాను జనం మోస్తూనే ఉన్నారు. సంఘం వచ్చి, గడీ ముందు జనం గుమిగూడి, అప్పుపత్రాలు బయటికి తెచ్చి తగలబెట్టిన రోజున వెట్టి నిజంగా పోయింది. ఫర్మానా చెయ్యలేని పని ఆ మంట చేసింది. ఎందుకంటే ఫర్మానాను అమలు చెయ్యాల్సినవాడూ, వెట్టి చేయించుకునేవాడూ ఒక్కడే.

ఇక రెండో దారి చూడండి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. దాని వెనకాలే, పట్నాలకు పారిపోయిన దొరలు తిరిగి వచ్చారు. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. పోరాటం లేకపోతే ఆ చట్టమే లేదన్నది వేరే సంగతి. ఏళ్ల తరబడి దున్నుతున్నవాడు ‘రక్షిత కౌలుదారు’ అయ్యాడు. చదవడానికి ముచ్చటైన చట్టం. కానీ ఆ పేరు రాయాల్సింది పట్వారీ. పట్వారీ ఎవరి మనిషో ఊరంతటికీ తెలుసు. కౌలుదారుడు తన ఇష్టప్రకారమే భూమి వదులుకుంటున్నట్టు ఒక రాజీనామా కాగితం పుట్టేది. కింద వేలిముద్ర. వేలిముద్ర వేసినవాడికి అందులో ఏం రాసుందో తెలియదు. తెలిసినా, ఆ సాయంత్రం గింజలకు ఎవరి గడప తొక్కాలో కూడా తెలుసు కనుక వేసేవాడు. హైదరాబాదు భూసంస్కరణల మీద ఖుస్రో చేసి, 1958లో అచ్చయిన అధ్యయనం చూస్తే, చట్టం వచ్చిన కొద్ది ఏళ్లలోనే ఎంతమంది రక్షిత కౌలుదారులు బేదఖలైపోయారో, ఎంతమంది ‘స్వచ్ఛందంగా’ వదులుకున్నారో అర్థమవుతుంది. ఆ స్వచ్ఛందం అన్న మాటకు ఇంత నీచమైన వాడుక మరెక్కడా నేను చూడలేదు.

కౌలుదారుకు యాజమాన్యం ఇచ్చే 38-ఇ సెక్షను ఆ కౌలుదారీ చట్టంలో 1954 సవరణతో చేరింది. చాలా జిల్లాల్లో అది ఆచరణకు వచ్చేసరికి 1970లు వచ్చేశాయి. ఆలోపు దొర అమ్మేవాడు, కొన్నవాడు మళ్లీ అమ్మేవాడు. ఆ సర్టిఫికెట్లు పట్టుకుని ఇప్పటికీ కోర్టుల చుట్టూ తిరుగుతున్న మనవలున్నారు.

భూ పరిమితి చట్టం కథ ఇంకా పొట్టిది. 1973లో చేశారు, 1975 జనవరి 1న అమల్లోకి తెచ్చారు. మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు అన్నారు. ఆ రెండు తేదీల మధ్య ఊళ్లో ఉన్న చుట్టాలు, లేని చుట్టాలు, పాలేర్లు అందరూ భూస్వాములైపోయారు, కాగితాల మీద. భూదానం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు ఎనభై ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చారు. ఇచ్చిన మనిషి ఉదారుడే. కానీ ఆ చుట్టుపక్కల పోరాటం నడుస్తున్న ఏడాదే ఆ ఉదారత ఎందుకు పుట్టిందో మన పాఠ్యపుస్తకాలు చెప్పవు.

‘కేరళ చట్టంతోనే సాధించింది కదా’ అంటారు. నిజమే, అక్కడ సాధించారు. ఎలా సాధించారో కూడా చూడాలి. 1957లో ఎన్నికైన ప్రభుత్వం భూసంస్కరణ బిల్లు తెచ్చింది. 1959 జులై 31న కేంద్రం ఆ ప్రభుత్వాన్నే రద్దు చేసింది. పదేళ్ల తర్వాత, 1970 జనవరి 1 నుంచి చట్టం ఆచరణలోకి దిగింది. గుడిసెల్లో ఉండే కూలీలు తమ జాగా చుట్టూ తామే కంచె వేసుకుని నిలబడ్డారు కనుకనే అది దిగింది. చిలీలో అలెండే కూడా ఓట్లతోనే వచ్చాడు. 1973 సెప్టెంబరు 11న అధ్యక్ష భవనం మీద బాంబులు పడ్డాయి. శాంతియుతంగా మారుదామని ముందుకొచ్చినవాళ్ల మీద అవతలివాళ్లు శాంతి పాటించలేదు.

సంస్కరణ వద్దని ఇక్కడ ఎవరూ అనడం లేదు. 1899లో రోజా లక్సెంబర్గ్, సంస్కరణలే చాలన్న బెర్న్‌స్టీన్‌తో తలపడినప్పుడు ఆమె కూడా అనలేదు. ఎనిమిది గంటల పని కోసం, కూలి రేటు కోసం పోరాడాల్సిందే. ఆ పోరాటంలోనే మనిషి తల ఎత్తడం నేర్చుకుంటాడు. కానీ పెత్తనం చేతులు మారకుండా హక్కు మాత్రం చేతులు మారితే, ఆ హక్కు కాగితంగానే మిగులుతుంది. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టంలో కౌలురైతు కార్డు కావాలంటే భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. హక్కు ఎవరి నుంచి కాపాడాలో, ఆయన అనుమతే కావాలట!

మా వైపు తప్పులు లేవని చెప్పను. తుపాకీ పట్టిన ఆడవాళ్లను పోరాటం ఆగాక వంటింటికి పంపిన సంగతి వాళ్ల నోటనే విన్నాం. 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివినవాళ్లెవరూ ఆ నిష్ఠూరాన్ని మరిచిపోలేరు. సోవియట్‌లో శ్రామికుల పేరుతో శ్రామికుల నోరే నొక్కారు. ఇవన్నీ విప్లవం మీద నేరాలే. వీటికి జవాబు విప్లవాన్ని ఇంకా లోపలికి, ఇంట్లోకీ పార్టీలోకీ తీసుకుపోవడమే. దొరతో రాజీ పడితే ఆ ఆడవాళ్లకు ఒరిగేదేమీ లేదు.

ఇంకో ప్రశ్న మాత్రం గట్టిది. పంచితే సరిపోతుందా? సరిపోదు. పోరాటం తర్వాత మిగిలిన ముక్కలు, సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూములు ఎక్కడికి పోయాయో ఔటర్ రింగు రోడ్డు ఎక్కి చూడండి. అసైన్డ్ భూమి అమ్మకూడదని 1977 నుంచి చట్టం ఉంది. అయినా పెళ్లికో, ఆసుపత్రికో, బోరు ఎండిపోయిన ఏడాదికో అది చేతులు దాటింది. రెండెకరాల రైతుకు విత్తనం కంపెనీది, అప్పు వడ్డీవ్యాపారిది, ధర మార్కెట్టుది అయినప్పుడు భూమి ఒక్కటే ఎంతకాలం ఆయనదిగా ఉంటుంది? అందుకే దున్నేవాడికి భూమి అన్న నినాదం దగ్గర ఆగిపోతే చాలదు. నీరు, రుణం, విత్తనం, గోదాము సమాజం చేతికి రావాలి. భూమి సరుకు కాకుండా పోవాలి. దానికి సోషలిజం అనే పేరు తప్ప వేరే పేరు మా దగ్గర లేదు. ఇప్పుడున్న పెత్తనం దీన్ని విడతల వారీగా, వాయిదాల మీద అప్పగిస్తుందని మేం నమ్మడం లేదు.

పాఠకులకు ఒక విన్నపం. మీ ఊళ్లో రక్షిత కౌలుదారుల కుటుంబాలు ఉంటాయి. పాత పహాణీ నకళ్లు, వేలిముద్రల రాజీనామాలు ట్రంకు పెట్టెల్లో ఇంకా ఉంటాయి. వాటిని చూసినవాళ్లు, విన్నవాళ్లు రాసి పంపండి. కథగానైనా సరే, మాటల్లోనైనా సరే. వచ్చే సంచికల్లో వరుసగా వేస్తాం.