ప్లేనర్ చెక్కని చదును చెయ్యదు

అమెరికాలో గరాజ్ ఉన్న మన సాఫ్ట్‌వేర్ జనాల్లో కొందరికి వడ్రంగం మీద మోజు పుడుతుంది. టేబుల్ సా తరవాత చాలామంది కళ్ళు పడేది థిక్‌నెస్ ప్లేనర్ మీద. పెట్టె విప్పి, ప్లగ్గు పెట్టి, వాల్‌నట్ పలకని దూర్చేస్తారు. పలక నున్నగానే వస్తుంది, కానీ వంకర పోదు. పైగా రెండు చివర్లా గుంటలు. ఇక హెలికల్ కట్టర్ హెడ్ వేయిస్తే గాని లాభం లేదనుకుంటారు. చిన్న ప్లేనర్లకి దాని ఖరీదు ఇంచుమించు యంత్రం ఖరీదంత. నన్నడిగితే, ఆ డబ్బుకి ముందు ఒక శనివారం ఖర్చు పెట్టండి.

ప్లేనర్ చేసే పని ఒక్కటే: అడుగు ముఖానికి సమాంతరంగా పై ముఖాన్ని చెక్కడం. వంగిన పలకని రోలర్లు నొక్కిపట్టి లాక్కుపోతాయి, అవతలికి రాగానే అది మళ్ళీ వంగుతుంది. ఇన్‌పుట్ చెత్తయితే అవుట్‌పుట్ చెత్తేనని మనకి వేరే చెప్పాలా? మన వడ్రంగులు చిత్రిక పట్టబోయే ముందు ఒక కన్ను మూసి పలక అంచు వెంట చూసేది ఈ వంకర కోసమే. కాబట్టి ముందు ఒక ముఖం చదును కావాలి. జాయింటర్ లేకపోతే చదునైన ఎమ్‌డీఎఫ్ షీటు మీద పలకని పెట్టి, ఊగే మూలల కింద సన్నటి చెక్కపేళ్ళు దోపి, వేడి జిగురుతో కదలకుండా చేసి, రెండిటినీ కలిపి పంపండి. పై ముఖం చదునయ్యాక తిరగేసి షీటు లేకుండా పంపండి.

ఇక యంత్రం సంగతి. ముందు ప్లగ్గు పీకండి. పొడవాటి స్ట్రెయిట్ ఎడ్జ్‌ని మధ్య బల్ల మీదుగా పెట్టి చూస్తే, అటూ ఇటూ ఉన్న రెక్కల బయటి అంచులు దానికంటే ఒక విజిటింగ్ కార్డు మందం పైకి ఉండాలి. పలక ఒక్క రోలర్ పట్టులోనే ఉన్నప్పుడు బయటి కొస కిందికి వాలితే, లోపలి కొస కత్తిలోకి లేస్తుంది. చివరి గుంటలకి ముఖ్య కారణం ఇదే. తరవాత ఒకే మందం ఉన్న రెండు సన్నటి బద్దల్ని కుడి, ఎడమ అంచుల్లో ఒకేసారి పంపి క్యాలిపర్‌తో కొలవండి. తేడా ఉంటే కత్తి కింద పొట్టు ఇరుక్కుందేమో చూసి, ఆ తరవాతే మాన్యువల్ ప్రకారం హెడ్ సరిచెయ్యండి. చివరగా, ఆ కొలతకి స్కేలు ముల్లు కలపండి.

వాడేటప్పుడు ఒక్కోసారి 1/32 అంగుళం చాలు. రెండు ముఖాల నుంచీ సమానంగా తియ్యండి, లేకపోతే లోపలి తేమ తేడాకి పలక మళ్ళీ వంగుతుంది. రెండు రోలర్ల మధ్య దూరం కంటే పొట్టి ముక్క పంపడం ప్రమాదం. చాలా యంత్రాలకి 12 అంగుళాలైనా ఉండాలి. చెవులకి మఫ్స్ తప్పనిసరి.

హెలికల్ హెడ్ దండగ అనను. చప్పుడు తగ్గుతుంది, మెలి తిరిగిన నారలో చెక్క చీరుకుపోవడమూ తగ్గుతుంది. కానీ వంకర తియ్యదు, వాలిన రెక్కని లేపదు. ఆ రెండూ కొనుక్కుంటే వచ్చేవి కావు, సెట్ చేసుకుంటే వచ్చేవి.