సరిహద్దు మడి

మడి గట్టుకొన్నవారు పొరుగువారి చేతికి వస్తువు నందీయక నేలమీద బెట్టి తొలగుటయు, వారు వచ్చి దానిని దీసికొనుటయు నొకప్పుడు మన యిండ్లలో ఆచారముగా నుండెను. సంస్కారవంతులు దీనిని నిరసించి చాలకాలమైనది. ఇంటినుండి వెడలగొట్టబడిన యా మడి నేడు రాజ్యముల పొలిమేరలలో కాపురము పెట్టినదనినచో చదువరులు నవ్వవచ్చును. నవ్వుటకు ముందు పశ్చిమబెంగాలులోని పెట్రాపోలును, దాని కెదుట బంగ్లాదేశములోనున్న బేనాపోలును జూడవలెను.

ఈ రెండు దేశముల నడుమ భూమార్గమున జరుగు వర్తకమునకు ముఖ్యద్వార మిదియే. మన లారీ గీటు దాటి బేనాపోలు గిడ్డంగివఱకు బోవును. అంతకు మించి పోరాదు. అచ్చట సరకంతయు దింపి, ఆ దేశపు లారీలో మరల నెక్కింపవలెను. ఈ సరిహద్దు దాటుటకు గొన్ని దినములు పట్టుచున్నదనియు, ఇంతే రద్దీగల తూర్పు ఆఫ్రికా సరిహద్దులలో 6 గంటలైనను బట్టుట లేదనియు ప్రపంచబ్యాంకు 2021లో వ్రాసెను. దక్షిణాసియా దేశములు తమలో దాము చేసికొను వర్తకము వాని మొత్తపు వర్తకములో నూటికి 5 పాళ్లు మాత్రమే యనియు, ఆగ్నేయాసియా కూటమిలో నది 25 పాళ్లనియు ఆ బ్యాంకే 2018లో లెక్క తేల్చెను.

ఇది దారులు లేకపోవుటవలన గలిగిన దుర్గతి యందురా? 1965 యుద్ధమున దెగిన హల్దీబారి–చిలాహాటి రైలుమార్గము 2020 డిసెంబరులో మరల గలిసినది. ఒకరి బండ్లు మఱియొకరి సీమలో దిరుగవచ్చునని భారత, బంగ్లాదేశ, భూటాను, నేపాళ రాజ్యములు 2015 జూనులో థింపూ నగరమున నొడంబడిక వ్రాసికొన్నవి. భూటాను వెనుకకు దగ్గినది. తక్కిన మూడును సభలపై సభలు చేసినవి. సంతకముల సిరా యారి పదియేండ్లు గడచినను సామాన్య వర్తకున కా ఫలము దక్కలేదు. ఇనుముతో గట్టిన వంతెనకంటె కాగితముతో గట్టిన గోడయే బలమైనది!

ఆ దూరపు గోడతో తెలుగువారికేమి పని యనవలదు. 2020 జూలైలో గుంటూరుజిల్లా రెడ్డిపాలెమునుండి 384 టన్నుల యెండుమిరపకాయలు ప్రత్యేకపు రైలులో బేనాపోలునకు బోయినవి. లారీలో టన్నునకు సుమారు 7,000 రూపాయలగు చోట రైలునకు 4,608 రూపాయలే యైనవని రైల్వేవారు ప్రకటించిరి. దారి సుగమమైనచో రైతునకును, కొనువానికిని నడుమ నెంత ధనము మిగులునో తెలియుట కీ యొక్క లెక్క చాలును.

పొరుగుసరకు వచ్చినచో మన పరిశ్రమలు చెడునని కొందఱు వాదింతురు. 2025 ఏప్రిలులో బంగ్లాదేశము మన నూలును భూమార్గమున రానీయక యాపెను. మేనెలలో మనవారు ఆ దేశపు కుట్టుబట్టలు భూమార్గమున రారాదనియు, కలకత్తా, నవషేవా రేవులకే రావలెననియు శాసించిరి. నేలమీద వచ్చినచో మైలపడు చొక్కా నీటిమీద వచ్చినంతనే యెట్లు పవిత్రమగును? పూర్వులకు సముద్రయానము దోషము. నేటి పాలకులకు భూయానము దోషము. రెంటికిని శాస్త్రాధార మొక్కటియే: మన మంటిమిగాన!

దొంగసరకు వచ్చునని మఱికొందఱి భయము. తనిఖీ వలదని యెవ్వరనిరి? తనిఖీ వేఱు, దించి యెక్కించుట వేఱు. బయలుదేరినచోట సోదాచేసి ముద్ర వేసిన పెట్టెలో దొంగసరకు చేరుట కష్టము. పదిచేతులు మాఱు గిడ్డంగిలోనే సులభము. బరువులు మోయు కూలీల జీవనము పోవునందురు. వారికి వేఱు పని చూపుట ప్రభుత్వధర్మము. వారి పేరు చెప్పి కోట్లకొలది వంటిండ్ల ఖర్చు పెంచుట ధర్మము కాదు.

కాబట్టి మన మడుగవలసినవి మూడు. 2015 నాటి యొడంబడికను మిగిలిన రాజ్యములు వెంటనే యమలుపఱుపవలెను. ఇరుదేశముల యుద్యోగులు ఒక్కచోట గూర్చుండి సరకు నొక్కమాఱే పరీక్షింపవలెను. ముందు తెలుపక రాత్రికి రాత్రి నిషేధములు విధించుట మానవలెను. 2019, 2020, 2023 సంవత్సరములలో మనవారు ఉల్లి యెగుమతి నాపినప్పుడు ఢాకా గృహిణి ధరలకు గుండె బాదుకొన్నది. నాసిక రైతు ధర లేక గుండె బాదుకొన్నాడు. ఇంటిలోని మడి యొక పంక్తిని మాత్రమే విడదీసినది. ఈ మడి పండించిన చేతిని, వండుకొను చేతిని విడదీయుచున్నది. మొదటిదానిని విడిచిన ధైర్యము మనకు గలదు. రెండవదానిని ప్రశ్నించుటకు జంకనేల?