ఏస్ కాంబాట్ 7: ఆకాశం మనది, స్టాప్‌వాచ్ మాత్రం వాళ్లది!

ఫైటర్ జెట్ గేమ్ అనగానే మనకు రెండు రకాలే గుర్తొస్తాయి. ఒకటి, ఇంజిన్ స్టార్ట్ చేయడానికే మాన్యువల్ తిరగేయాల్సిన సీరియస్ సిమ్యులేటర్. రెండోది, ఫోన్‌లో రెండు ఫైట్లకో యాడ్ వచ్చే టైంపాస్ గేమ్. ఈ రెండిటి మధ్య ఉన్న ఖాళీని ఏళ్ల తరబడి ఏలుతున్న సిరీస్ బందాయ్ నామ్‌కో వారి 'ఏస్ కాంబాట్'. అందులో 'ఏస్ కాంబాట్ 7: స్కైస్ అన్‌నోన్' 2019 జనవరిలో పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌ల మీద వచ్చింది. కొద్ది రోజులకే పీసీకి, 2024 జులైలో నింటెండో స్విచ్‌కి కూడా వచ్చేసింది. పాత గేమే. అయినా సేల్ పడినప్పుడల్లా 'ఇది కొనొచ్చా?' అనే ప్రశ్న మళ్లీ లేస్తుంది.

కొనొచ్చు. కానీ ఒక మాట ముందే చెప్పాలి. ఇంత అందమైన, ఇంత స్వేచ్ఛ ఉన్న ఆకాశాన్ని తయారు చేసిన టీమే, ఆ స్వేచ్ఛను మనం పూర్తిగా వాడుకోకుండా అడ్డం కూడా పడింది. ఈ గేమ్‌లోని మజా, చిరాకు రెండూ అక్కడి నుంచే పుడతాయి.

మేఘాలే అసలు హీరో

ఇంతకుముందు విమానాల గేముల్లో మేఘం అంటే వెనకాల వేలాడదీసిన బొమ్మ. ఇక్కడ అలా కాదు. అన్‌రియల్ ఇంజిన్ 4కి 'ట్రూస్కై' అనే టెక్నాలజీని జోడించి, లోపలికి దూరిపోగలిగే నిజమైన మేఘాలు కట్టారు. లోపలికెళ్తే కాక్‌పిట్ అద్దం మీద నీటి చుక్కలు పాకుతాయి. ఎక్కువసేపు ఉంటే విమానానికి మంచు పట్టేసి కంట్రోల్ మొద్దుబారిపోతుంది. ఉరుముల మబ్బులో పిడుగు పడితే తెర మీది రీడింగులన్నీ కాసేపు గల్లంతు. ఈదురుగాలి తగిలితే గురి పెట్టిన ముక్కు పక్కకి జారిపోతుంది.

ఇది చూడ్డానికి బాగుండటం కోసం మాత్రమే చేసిన పని అయితే ఇంతగా చెప్పేవాణ్ణి కాదు. మేఘంలో ఉన్నవాడి మీదికి వదిలిన మిసైల్ సరిగ్గా వెంటపడలేదు. అంటే వెనకాల మిసైల్ తరుముతుంటే మేఘం మీకు గొడుగు. అదే మేఘంలో శత్రువు దాక్కుంటే మీ మిసైల్ వృథా. లోపల ఎక్కువసేపు దాక్కుందామంటే మంచు పట్టేస్తుంది. ప్రతి మబ్బూ ఒక నిర్ణయం అన్నమాట. ఏడో మిషన్‌లో మెరుపుల మధ్య మొదటిసారి మిహాయ్ అనే శత్రు ఏస్ ఎదురైనప్పుడు ఈ సిస్టమ్ ఎంత గొప్పదో అర్థమవుతుంది. అంత మంది పైలట్లు రేడియోలో కంగారుపడుతుంటే, మనకూ చెయ్యి వణుకుతుంది.

ఎవరైనా నేర్చుకోవచ్చు

కంట్రోల్స్ రెండు రకాలు. 'స్టాండర్డ్'లో స్టిక్ ఎటు తిప్పితే విమానం అటు వెళ్తుంది. 'ఎక్స్‌పర్ట్'లో ముందు రెక్కలు వాల్చి, ఆ తర్వాత ముక్కు పైకి లాగాలి. మొదటి గంట కష్టంగా ఉన్నా ఎక్స్‌పర్టే ఎంచుకోండి. యాక్సిలరేటర్, బ్రేక్ కలిపి నొక్కితే విమానం ఇరుకు మలుపు తిరుగుతుంది. స్పీడ్ తగ్గించి అదే పని చేస్తే కొన్ని విమానాలు గాల్లోనే గిర్రున తిరిగి వెనకాల ఉన్నవాణ్ణి ముందుకు పంపేస్తాయి. ఆ ట్రిక్ మొదటిసారి కుదిరినప్పుడు వచ్చే కిక్కు వేరు.

2011 నాటి 'అసాల్ట్ హొరైజన్'లో గేమే మన విమానాన్ని శత్రువు వెనకాల లాక్కెళ్లేది. సినిమాలా ఉండేది కానీ ఆడుతున్నది మనమా, గేమా అనే అనుమానం వచ్చేది. ఏడో భాగంలో ఆ పద్ధతి తీసేసి స్టిక్ మళ్లీ మన చేతికిచ్చారు. పాత ఫ్యాన్స్ సంతోషించడానికి అదొక్కటి చాలు.

విమానాల లిస్ట్ చూస్తే మన వాళ్లకి ఇంకో సరదా ఉంది. 2025 సెప్టెంబర్‌లో మన ఎయిర్‌ఫోర్స్ వీడ్కోలు చెప్పిన మిగ్-21 ఇందులో ఉంది, ఆటలో తొందరగానే చేతికొస్తుంది. మన నేవీ 26 కొనడానికి 2025లో ఒప్పందం చేసుకున్న రఫేల్ ఎం కూడా ఉంది. మిరాజ్ 2000, మిగ్-29 సరేసరి. వార్తల్లో చూసిన విమానాన్ని మనమే నడపడం ఎవరికి చేదు? తేజస్ మాత్రం లేదు.

ఇక చిరాకు మొదలు

మొత్తం 20 మిషన్లు. దాదాపు అన్నిటికీ టైమ్ లిమిట్ ఉంటుంది, అందులో తప్పు లేదు. సమస్యల్లా 'ఇన్ని నిమిషాల్లో ఇన్ని పాయింట్లు' అనే రకం మిషన్లతోనే. ఆరో మిషన్ 'లాంగ్ డే'లో చమురు స్థావరాలు, 11వ మిషన్ 'ఫ్లీట్ డిస్ట్రక్షన్'లో ఓడలు. ఇక్కడ శత్రువుని ఎంత తెలివిగా పడగొట్టారన్నది ముఖ్యం కాదు. మ్యాప్ మీద ఎర్ర చుక్కలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో చూసి, వెళ్లి, బాంబులేసి, తిరిగి రావడమే పని. మేఘాల వైపు తల కూడా తిప్పరు, ఎందుకంటే అక్కడ పాయింట్లు లేవు. గేమ్‌లో అన్నిటికన్నా గొప్ప ఐడియాని గేమే పక్కన పెట్టించడం అంటే ఇదే.

'టైమ్ ప్రెషర్ లేకపోతే టెన్షన్ ఎక్కడిది?' అని కొందరు వాదిస్తారు. టెన్షన్ కావాలంటే 14వ మిషన్ 'కేప్ రెయినీ అసాల్ట్' చూడండి. రాత్రిపూట, రాడార్‌కి చిక్కకుండా కొండల సందుల్లోంచి దూరుకుంటూ వెళ్లాలి. పాయింట్ల గోల లేకుండానే అరచేతులు చెమటలు పడతాయి. అలాగే 16వ మిషన్ 'లాస్ట్ హోప్'. శాటిలైట్లు పోయి, నెట్‌వర్క్ కూలిపోయి, ఎదురుగా ఉన్నది శత్రువో మిత్రుడో రాడార్ చెప్పదు. దగ్గరికెళ్లి గుర్తుపట్టాకే కాల్చాలి. ఈ మిషన్‌ని తిట్టుకునేవాళ్లు చాలామందే. నాకు మాత్రం నచ్చింది. యుద్ధంలో సమాచారం పోతే ఏమవుతుందో డైలాగుల్లో కాకుండా ఆటలోనే చూపించారు.

చెక్‌పాయింట్ ఎక్కడ బాబూ?

రెండో పెద్ద చిరాకు చెక్‌పాయింట్లు. ఒకదానికొకటి చాలా దూరం. పదిహేను నిమిషాలు చక్కగా ఆడి, చివర్లో కొండకి గుద్దుకుంటే అంతా మొదటికి. దీనికి తోడు గేమ్‌కి ఇంకో అలవాటుంది. బ్రీఫింగ్‌లో ఒకటి చెప్పి, మధ్యలో ఇంకోటి పెడుతుంది. ఫార్బాంటి నగరం మీద దాడి చేసే 15వ మిషన్ దీనికి మంచి ఉదాహరణ. మొదట నేల మీది టార్గెట్లని కొట్టమంటారు. సరే అని బాంబులకి పనికొచ్చే విమానం తీసుకెళ్తారు. తీరా ఆ పనయ్యాక మిహాయ్ తన స్క్వాడ్రన్‌తో దిగుతాడు. బరువైన విమానంతో అతని వెంటపడటం ఎడ్లబండితో రేస్ బైక్‌ని తరిమినట్టే.

ట్విస్ట్ తప్పు కాదు. కానీ ఒక సార్టీకి ఒక్క రకం స్పెషల్ వెపనే తీసుకెళ్లనిస్తారు. విమానం మార్చుకోవాలంటే మిషన్ మొదటి నుంచి ఆడాలి. దాంతో ఏమవుతుంది? ఓడిపోయిన ప్లేయర్ యూట్యూబ్‌లో 'ఈ మిషన్‌కి బెస్ట్ విమానం ఏది' అని వెతుక్కుంటాడు. ప్రయోగాలు మానేసి సేఫ్ విమానానికే అతుక్కుపోతాడు. అన్ని విమానాలు ఇచ్చింది ఇందుకా? పైగా కొత్త విమానం కొనాలంటే పాయింట్లు కూడబెట్టి, చెట్టు కొమ్మల్లా ఉన్న లిస్ట్‌లో మధ్యలో ఉన్నవి కూడా కొనుక్కుంటూ పోవాలి. ఎఫ్-22, సు-57 లాంటివి కొమ్మ చివర్లో ఊరిస్తూ కూర్చుంటాయి.

కథ చదవాలా, ఫైట్ చేయాలా?

కథ మాత్రం మామూలు షూటింగ్ గేమ్ కథ కాదు. హీరో 'ట్రిగ్గర్' మీద నేరం పడుతుంది, ఖైదీ పైలట్లతో నిండిన 444 స్థావరానికి పంపేస్తారు, విమానం తోక మీద శిక్ష గుర్తుగా గీతలు గీస్తారు. అక్కడి పైలట్ల గొప్పలు, కమాండర్ తిట్లు అన్నీ రేడియోలో వినిపిస్తుంటాయి. ఇంకోవైపు మిహాయ్ ఫ్లయింగ్ డేటాతో డ్రోన్లకి ట్రైనింగ్ ఇస్తుంటారు. పైలట్ నైపుణ్యాన్ని మెషిన్‌కి నేర్పించేశాక ఆ పైలట్ అవసరం ఉంటుందా? ఏఐ గురించి రోజూ మాట్లాడుకుంటున్న మనకి ఈ ప్రశ్న 2019లో కన్నా ఇప్పుడే ఎక్కువ తగులుతుంది.

ఇంత మంచి కథని చెప్పే పద్ధతే దెబ్బ కొట్టింది. ముఖ్యమైన మాటలన్నీ ఫైట్ మధ్యలో రేడియోలో వస్తాయి. ఇంగ్లిష్ ఇంట్లో మాట్లాడే భాష అయినవాళ్లకి చెవులు చాలు. మనలో చాలామంది సబ్‌టైటిల్ చూస్తేనే పూర్తిగా ఫాలో అవుతాం. వెనకాల మిసైల్ అలారం మోగుతుంటే సబ్‌టైటిల్ ఎవరు చదువుతారు? చదివితే చస్తాం, చదవకపోతే కథ పోతుంది. మిషన్ అయ్యాక ఆ సంభాషణని తీరిగ్గా చదువుకునే వీలు ఇచ్చి ఉంటే సగం గొడవ తీరేది.

మల్టీప్లేయర్ ఉందంటే ఉంది. గరిష్ఠంగా ఎనిమిది మందితో రెండే మోడ్‌లు: ఎవరికి వారే, లేదా టీమ్‌గా. ఫ్రెండ్‌తో కలిసి మిషన్లు ఆడుకునే కో-ఆప్ లేదు. 2007 నాటి ఆరో భాగంలోనే కో-ఆప్ ఉందని గుర్తొస్తే ఇంకా మండుతుంది. వీఆర్ కూడా అంతే. కాక్‌పిట్‌లో కూర్చున్నట్టే ఉండే అద్భుతమైన మోడ్, కానీ మూడే మిషన్లు, అవీ ప్లేస్టేషన్ వీఆర్ ఉన్నవాళ్లకే. పీసీలో హెడ్‌సెట్ ఉన్నా లాభం లేదు.

ఫైనల్‌గా...

ఫుల్ రేటుకి అక్కర్లేదు, సేల్‌లో దొరికితే వదలొద్దు. కంట్రోలర్‌తో ఆడండి, మొదటిసారి ఈజీలో ఆడినా నామోషీ ఏం లేదు. పాయింట్ల మిషన్లని గబగబా దాటేసి, మేఘాలున్న మిషన్లలోనే మళ్లీ మళ్లీ తిరగండి. అసలు గేమ్ అక్కడే ఉంది.

ఈ సిరీస్‌లో ముందు ముందు ఏది వచ్చినా, కొత్త విమానాల కన్నా ముందు నేను చూసేది మూడు: చెక్‌పాయింట్‌లో విమానం మార్చుకోనిస్తున్నారా, పాయింట్ల మిషన్లు తగ్గించారా, కథ వినడానికి కాస్త తీరిక ఇచ్చారా. కాలేజీ, ఉద్యోగం అయ్యాక రాత్రి గంటసేపు ఆడుకునేవాడికి ఆ గంట విలువ తెలుసు. ఆడిన పదిహేను నిమిషాల్నే మళ్లీ ఆడించడం ఛాలెంజ్ కాదు, టైమ్ తినేయడం. ఆకాశాన్ని ఇంత బాగా కట్టిన టీమ్‌కి ఈ మూడూ సరిచేయడం పెద్ద పనేం కాదు.